మా గుమ్మానికి కట్టిన కొమ్మ

ముందు ఒక మాట చెప్పేస్తాను: నేను బతికే ఉన్నాను. ఆ సంగతి చివరిదాకా దాచిపెట్టి మీ గుండెలు దడదడలాడించే ఓపిక నాకు లేదు. ఈ ఉదయం నా నీళ్లు నేనే తోడుకున్నాను. నా జడ నేనే అల్లుకున్నాను. జడ అనడం పెద్ద మాట, జ్వరానికి రాలగా మిగిలింది ఎలకతోకంత. అయినా అల్లుకున్నాను. గిన్నెడు చోడి అంబలి తాగి ఇంకో గిన్నెడు అడిగితే మా ఆయన ఏసుదాసుగారు గరిటె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడిపోయారు. "పొయ్యండి, చూస్తే కడుపు నిండదు" అన్నాను.

ఇది రాయడం సగం నాకోసమే. కుదురుగా కూచుని జరిగింది జరిగినట్టు రాస్తే చేతుల వణుకు తగ్గుతుందేమోనని ఆశ. మిగతా సగం కింద సాలూరులో ఉన్న మా ప్రార్థన కూటం ఆడవాళ్ల కోసం. కొండ మీద కాపురం చేస్తున్నామని వాళ్లు మా ఇద్దరినీ మహాభక్తుల్లో చేర్చేశారు. ఆ పొరపాటు దిద్దాలి. మీలో ఎవరింట్లోనైనా జ్వరమో, భయమో, విశ్వాసం జారిపోయిందన్న సిగ్గో ఉంటే వాళ్లు తప్పకుండా చదవాలి. వాళ్ల కోసమైతే రెట్టింపు సంతోషంగా రాస్తాను.

జూలై

మన్యంలో పితూరీ అణిగి పోలీసులు దిగిపోయిన మరుసటేడు మేం కొండెక్కాం. డుంబ్రిగుడ సంత నుంచి గెడ్డ అనే కొండవాగు దాటి పైకి నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. మిషనువాళ్లు మా ఆయన్ని సువార్త చెప్పడానికీ, నన్ను పిల్లలకి అక్షరాలు చెప్పడానికీ పంపారు. అయిదు ఇళ్లవాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. అందులో మొదటి ఇల్లు బుద్రుది. అతని భార్య సుక్రి. వాళ్లకి ఒక్కతే గుంట, మన మాటలో ఆడపిల్ల. ఎస్తేరని పేరు పెట్టుకున్నారు.

ఎస్తేరు సంగతి చెప్పకుండా నా జ్వరం సంగతి చెప్పలేను. దానికి నాలుగేళ్లుంటాయి. ప్రార్థన పాకలో మేం పాట పాడుతున్నంతసేపూ నోరు తెరుచుకుని చూసేది. తాళం వెయ్యవే అంటే వేసేది కాదు. పాట అయిపోయి, అందరం ఆమెన్ అనేసి, ప్రార్థనకి తలలు వంచబోయే ఆ నిశ్శబ్దంలో టప్పున ఒక్క చప్పట్టు కొట్టేది. ఒక్కటే. మొదట్లో మా ఆయన కళ్లెర్ర చేసేవారు. పోనుపోను ఆ చప్పట్టు కోసం ఆగి, అది పడ్డాకే ప్రార్థన మొదలుపెట్టడం నేను గమనించాను. అడిగితే ఒప్పుకోలేదు.

పోయిన ఏడు వానల్లో ఆ గుంటకి జ్వరం తగిలింది. మా ఆయన దగ్గరున్న, చలిజ్వరానికిచ్చే కొయినా మందు వేశారు, పక్కనే కూచుని ప్రార్థించారు. జ్వరం దిగలేదు. బుద్రు తల్లి ఊరి గురువు సోంబారుని పిలుద్దామంది. కొండ మీద ఎవరికి ఏ రోగం వచ్చినా ఏ దేవత పట్టిందో చూసేదీ, శాంతి చేసేదీ గురువే. మా ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. "గురువుని పిలిస్తే ప్రభువును కాదన్నట్టే" అన్నారు. బుద్రు పిలవలేదు. మూడోనాటికి గుంట పోయింది.

పాతిపెట్టేచోట ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. ఇక్కడ ఏడుపంటే ఉత్త కన్నీళ్లు కాదు. పోయినవాళ్లు ఏం తిన్నారో, ఎక్కడ ఆడారో, ఎవరిని విసిగించారో అన్నీ పేరుపేరునా రాగం తీసి చెప్పుకుంటారు. సుక్రి ఇంకా మొదటి మాట కూడా పూర్తి చెయ్యలేదు. "మనం అలా ఏడవకూడదు. పరలోకం ఉందని నమ్మేవాళ్లం, పాట పాడదాం" అన్నారు మా ఆయన. సుక్రి అరచేత్తో నోరు నొక్కుకుంది. మేం పాడాం. ఆ తరవాత ఆవిడ ఏ ఆదివారమూ మానలేదు, కాని వెనకాల స్తంభాన్ని ఆనుకుని కూచునేది, పాడేది కాదు.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి జ్వరం నా వంతుకి వచ్చింది. మొదట్లో దాన్ని లెక్కచెయ్యలేదు. కొండ జ్వరం వచ్చిపోయే చుట్టం అన్నారు అందరూ. చుట్టమేగాని వేళ తప్పని చుట్టం. మధ్యాహ్నం దాటగానే వెన్నులో చలి మొదలయ్యేది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడలాడేది. తరవాత మంట, ఆ తరవాత తడిసి ముద్దయ్యేంత చెమట. జ్వరం రాకముందే పాఠాలు ముగించేదాన్ని. "అమ్మగారికి చలేసే వేళయింది, బేగి గుణింతాలు సెప్పేయండి" అని పిల్లలే ఒకళ్లనొకళ్లు తొందరపెట్టేవాళ్లు. నవ్వుకుంటూనే రోగంలోకి దిగాను.

ఆగస్టు చివర

గెడ్డ పొంగింది. సాలూరు దారి తెగింది. మందు అయిపోయింది.

ఆ రోజుల్లో నాకు తెలిసింది కొంచెమే. ఇంటికప్పులో గడ్డి పాకుతున్నట్టుండేది. సాలూరులో మా అమ్మ వంటింట్లో ఉన్నాననుకుని చింతపండు నానబెట్టమని ఎవరినో కోప్పడేదాన్ని. వీటన్నిటి వెనకాల మా ఆయన ప్రార్థన వినబడుతూ ఉండేది, వాన చప్పుడులాగా ఆగకుండా. ఒకరోజు అది ఆగిపోయింది. వాన పడుతూనే ఉంది, ఆయన గొంతు లేదు. చచ్చిపోతానన్న భయం కంటే ఆ గొంతు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. తరవాత ఏమీ తెలియదు.

సెప్టెంబరు

కళ్లు తెరిచేసరికి వెలుతురు. ఒళ్లు చల్లగా, తేలికగా ఉంది. అబ్బ, ఆ తేలిక! గోడ మీద బల్లి కనబడితే దాన్ని చూసి కూడా ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. తలుపు తీసి ఉంది, గుమ్మం పైన ఎర్రదారంతో కట్టిన పచ్చటి ఆకుల కొమ్మ వేలాడుతోంది.

"అదేమిటండీ?" అన్నాను. బతికి నేనాడిన మొదటి మాట అదే.

మా ఆయన కొమ్మ వైపు చూడలేదు. "దోమలు రాకుండా" అన్నారు.

నేను నమ్మేశాను. నమ్మి ఊరుకున్నానా, పెద్దగా దేవుణ్ణి స్తుతించాను. అడవి ఆకుల్లో కూడా మందు దాచిన దేవా, ఆ ఆకును వెతికి తెచ్చే భర్తనిచ్చిన దేవా, అని ఉన్న కాస్త బలమూ పెట్టి ప్రార్థన చేశాను. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు. కృతజ్ఞతతో కరిగిపోతున్నారు పాపం అనుకున్నాను.

కోలుకుంటున్నవాళ్లకి ఆకలి కంటే ముందు మనుషులు కావాలనిపిస్తుంది. ఎవరూ రాలేదు. ఆదివారం మా అయిదు ఇళ్లవాళ్లూ వచ్చారు గాని, వానలో మా వాకిట్లోనే నిలబడి తలల మీద అడ్డాకుల గొడుగులు పెట్టుకుని ఒక పాట పాడి వెళ్లిపోయారు. సుక్రి రోజూ అంబలి ముంత తెచ్చి అరుగు అంచున పెట్టి వెనక్కి నడిచేది. నాకు కోపం వచ్చింది. వాళ్ల పిల్లల ముక్కులు తుడిచినదాన్ని, నా రోగం తగులుతుందని గుమ్మం తొక్కరా?

ఒకరోజు పట్టుకున్నాను. "సుక్రీ, లోపలికి రావే. ఇక్కడ కూచో."

"రాకూడదమ్మా."

"ఏటే, నాకు రోగమనా?"

"రోగానికేటి? కొమ్మ కట్టిన ఇల్లు. నానెలగొస్తాను?"

"దోమలకి కట్టిన కొమ్మని చూసి భయపడతావా నువ్వు?"

"దోమలకని ఎవులు సెప్పినారు?"

"మీ అయ్యగారే."

"అలగయితే అయ్యోరినే అడుగు" అని, ముంత అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

అడిగాను. ఆయన నేల మీద కూలబడ్డారు.

"నీ కళ్లు తెరిచే ఉన్నాయి రూతూ, వాటికి నేను కనబడటం లేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఏమి మాట్లాడను, అన్నీ అడిగేశాను. నేనేం చేస్తున్నానో తెలిసే చేశాను. వానలో నడిచి సోంబారు ఇంటికి పోయాను."

"ఏమన్నాడు?"

"నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. 'నీ దేముడికి కోపం రాదేటి అయ్యోరూ?' అన్నాడు. 'వస్తుంది. రానీ. నువ్వు బేగి రా' అన్నాను."

సోంబారు వచ్చి నా అరచేతిలో బియ్యం గింజలు పోసి కోడిపెట్టను వదిలాడట. అది ముక్కుతో పొడిచి తింది. దేవత ఒప్పుకుందన్నమాట. తరవాత గుమ్మానికి కొమ్మ కట్టాడు. కొమ్మ ఉన్నంతకాలం బయటివాళ్లు లోపలికి రాకూడదు, రోగి గుమ్మం దాటకూడదు. జ్వరం పూర్తిగా దిగాక గురువే వచ్చి విప్పి గెడ్డలో వదలాలి. ఈలోగా ఎవరు దాటితే జ్వరం వాళ్ల వెంట వాళ్లింటికి పోతుంది. ఊళ్లో పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన కట్టుబాటు ఇది. సాలూరు నుంచి జ్ఞానం మోసుకొచ్చిన నాకు మాత్రం దోమల కొమ్మ.

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. బడిలో పిల్లలకి కోడి బొమ్మ గీసి 'కో' నేర్పేదాన్ని, చివరికి కోడి చేతే పొడిపించుకున్నాను. పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాను. ఆయన నవ్వలేదు. నా మొహంకేసి చూస్తూ, "బుద్రు గుమ్మంలో నిలబడింది నేనే కదా రూతూ" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది ఎస్తేరు. వానలో నిలబడి పాడిన ఆ అయిదు ఇళ్లవాళ్లూ పాడుతున్నంతసేపూ ఆ కొమ్మను చూస్తూనే ఉన్నారని తెలిసింది. సుక్రి రోజూ అంబలి తెచ్చి పెట్టింది ఆ కొమ్మ ఎదురుగానే.

"మీరే తెంచి పారెయ్యండి" అన్నాను.

"అవసరమైతే కట్టించుకుని, తీరాక తెంచేసి, నేనసలు నమ్మలేదననా? ఇంకా ఎంతకి దిగజారమంటావు?"

చాలాకాలంగా నేను వినని నిజాయితీ ఆ మాటలో వినబడింది.

అక్టోబరు

తేలికగా వచ్చిన ఒళ్లు మళ్లీ బరువెక్కింది. జ్వరం తిరగబెట్టింది. కడుపులో ఎడమ పక్క బల్ల కట్టి రాయిలాగా చేతికి తగిలేది. అంబలి తాగితే నిలవలేదు. గెడ్డ తీసింది, దారి పడింది, సాలూరు మిషను ఆసుపత్రికి పోవాలి. వెదురుకి దుప్పటి కట్టి డోలీలో మొయ్యాలి, మార్చుకోవడానికి నలుగురైనా కావాలి. సోంబారు కొండకి అవతల ఊళ్లో కూతురింట్లో ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. కొమ్మ గుమ్మానికే ఉంది, ఎండి గలగలలాడుతోంది.

మా ఆయన ఇల్లిల్లూ తిరిగారు. ఎవరూ కసరలేదు, దెప్పలేదు. "మా ఇంట పిల్లలున్నారు అయ్యోరూ" అని తల దించుకున్నారు. తిరిగొచ్చి నన్ను వీపు మీద ఎక్కించుకోబోయారు. రెండడుగులు వేసేసరికి ఆయన మోకాళ్లు మడతపడ్డాయి. ఇద్దరం నేల మీద కూచుండిపోయాం.

"ఇక్కడే పోతాను కాబోలు" అన్నాను. "మీరు మాత్రం పాట పాడించకండి. నాకోసం ఏడవండి."

ఆ మాట ఎస్తేరును తలుచుకుని అనలేదు, ఒట్టు. నోటికొచ్చింది. ఆయన మొహం మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయిపోయింది.

గుమ్మంలో నీడ పడింది. సుక్రి. ఆవిడ వెనక బుద్రు, భుజం మీద వెదురు.

"పదండి" అంది.

"కొమ్మ ఉంది సుక్రీ" అన్నారు మా ఆయన. ఆయన నోటే ఆ మాట వచ్చింది చూడండి.

"కనబడతంది" అంది సుక్రి. "దాటితే జొరం నా ఎనకాల నా ఇంటికొస్తాదంటారు. వచ్చి ఏటి పట్టుకెల్తాది? పట్టుకెల్లవలసింది పట్టుకెల్లిపోనాది."

తల వంచి ఆ ఎండుటాకుల కింద నుంచి లోపలికి వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి వేసింది. నెల దాటింది, మా ఆయన చెయ్యి కాక ఇంకో మనిషి చెయ్యి నా మీద పడి. పొగవాసన, పసుపు వాసన. ఆ చేతిని పట్టుకుని వదల్లేదు నేను. సుక్రి దాటాక బుద్రు దాటాడు. బుద్రు దాటాక, వాకిలి చివర నిలబడి చూస్తున్న ఇద్దరు మనుషులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, గోచీలు బిగించుకుని లోపలికొచ్చారు. పిల్లలున్నవాళ్లే.

ఆ ప్రయాణం మీకు ఎలా చెప్పను! చావుబతుకుల మధ్య ఉన్నదాన్ని, అంత ఆనందం ఎక్కడి నుంచి వచ్చిందో. డోలీలో వెల్లకిలా పడుకుని సాలచెట్ల మధ్య ముక్కలు ముక్కలుగా ఆకాశం చూస్తూ కొండ దిగాను. మోసేవాళ్లు మలుపు దగ్గర కేకేసి భుజం మార్చుకునేవాళ్లు. మా ఆయన కూడా భుజం పెట్టారు, అలవాటు లేక డోలీ ఒక పక్కకి ఒరిగేది. "అయ్యోరూ, నువ్వు మొయ్యకపోతేనే అమ్మ బతుకుతాది" అన్నాడు బుద్రు. అందరూ నవ్వారు. ఎస్తేరు పోయాక బుద్రు పరాచికం ఆడటం నేను వినలేదు.

సాలూరు ఆసుపత్రి వరండాలో కాచుకోవడం రోగం కంటే కష్టం. పేరు పిలిచేదాకా గచ్చు మీద వరసగా పడుకోవాలి. ఎవరి దగ్గు ఎవరిదో తెలియదు. పక్కనున్న ముసలామె ఎవరో ఏమో, తన తాటాకు విసనకర్రతో తనకి ఒకసారి, నాకు రెండుసార్లు విసిరేది. అడిగితే "నా చెయ్యి ఎలాగూ ఊగుతంది కదమ్మా" అంది. ఊళ్లోనే ఉన్న మా అన్నయ్య వచ్చి నన్ను చూసి, మా ఆయన్ని అందరి ముందూ దులిపేశాడు. "మా చెల్లెల్ని ఇలా చేసి తెచ్చావా? ఇంక కొండ లేదు, గిండ లేదు, ఇది మా ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

అన్నయ్య వెళ్లాక మా ఆయన గంజి తేవడానికి పోయారు. సుక్రి నా తల ఒళ్లో పెట్టుకుంది. కాంపౌండరు వచ్చి చేదు మందు నోట్లో పోసి, వెంటనే బెల్లంముక్క పెట్టాడు.

"ఈ మందే మా గుంటకీ ఏసినాడు అయ్యోరు" అంది సుక్రి. "మొహం ఇలగే పెట్టింది అది కూడా."

ఏడాదిలో ఆవిడ ఎస్తేరు మాట ఎత్తడం అదే మొదలు.

"నీకు కోపం లేదా సుక్రీ? మాకు గురువుని పిలిచాం, మీకు వద్దన్నాం."

"ఉంది. నాకెందుకు లేదు?" గొంతు పెంచలేదు. "గురువొస్తే బతికేదనట్లేదు నాను. మా అత్త కడుపున పుట్టి పోనోళ్లకి గురువులందరూ వచ్చినారు. అది కాదమ్మా. ఏడవొద్దన్నాడు. నా గుంటకి నా ఏడుపు అందనేలేదు. ఏ పాట పాడినా ఆ ఏడుపే గొంతుకి అడ్డం. అందుకే పాడను."

స్తంభం వెనక చప్పుడైంది. మా ఆయన గంజిచెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

ఆ సాయంత్రమే ఆయన మిషను పెద్దదొరగారి దగ్గరికి పోయి అంతా చెప్పేశారు. కోడి, కొమ్మ, దోమల అబద్ధంతో సహా. దొరగారు కళ్లజోడు తుడుచుకుని ఒక్కటే మాటన్నారట: "నాకు చెప్పడం సులువు. పోయి నీ సంఘానికి చెప్పు. వాళ్లు ఉండమంటే ఉండు."

నవంబరు

మందు పట్టింది. బల్ల కరిగింది. మా అన్నయ్య ఎంత చెప్పినా వినకుండా కొండెక్కాను. సగం డోలీ, సగం నా కాళ్లు. వలిసెలు పూసి కొండవాలులన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. కేకలు పెట్టాలనిపించింది. ఒకసారి పెట్టాను కూడా. బుద్రు ఏదో పాము కనబడిందనుకుని కర్ర ఎత్తాడు.

ఇంటి దగ్గర సోంబారు తాత మాకోసం కాచుకుని ఉన్నాడు. కొమ్మ విప్పి తీసుకెళ్లి గెడ్డలో వదిలి వచ్చాడు. "సూసినావా, నా కోడి బతికించింది" అన్నాడు నాతో. మందు బతికించిందని కాంపౌండరు అన్నాడు. నన్ను బతికించింది నా దేవుడే, అందులో నాకు అనుమానం లేదు. ఎవరెవరి చేతులు వాడుకున్నాడో అన్నది ఆయన ఇష్టం. వాకిట్లో తడికాళ్లతో నిలబడ్డ ఆ ముసలాయనకి మాత్రం మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాను. పిలవగానే వానలో వచ్చాడు, ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు.

మర్నాడు ప్రార్థన పాకలో అయిదు ఇళ్లవాళ్లూ కూచున్నారు. సోంబారు బయట గోడనానుకుని చుట్ట వెలిగించుకున్నాడు. మా ఆయన ఎప్పుడూ నిలబడేచోట నిలబడలేదు. వాళ్ల మధ్యకి వచ్చి నిలబడ్డారు. వీళ్లు పొమ్మంటే నా బతుకులో ఇంకెక్కడా ఇంత ఇష్టపడే చోటు ఉండదు.

"మీ గుంట పడుకున్నప్పుడు గుమ్మంలో అడ్డం నిలబడ్డాను" అన్నారు బుద్రుతో. "నా భార్య పడుకున్నప్పుడు పరిగెత్తాను. మీకో కొలత, నాకో కొలత పెట్టాను. ఆపైన నా భార్యకి అబద్ధం చెప్పాను. మీరు ప్రభువును పట్టుకునే ఉన్నారు. నేను వదిలేశాను. నన్ను ఉండమంటే ఉంటాను. పొమ్మంటే రేపే దిగిపోతాను."

బుద్రు చేతిలో ఉన్న గడ్డిపరకను తుంచుతూ కూచున్నాడు.

"ఇదంతా మాకు కొత్తేటి అయ్యోరూ?" అన్నాడు చివరికి. "కొమ్మ కనబడతాది కదా. కట్టిన రోజే ఊరంతా సూసింది."

"మరి ఆదివారం వానలో వచ్చి పాడారే?"

"నువ్వు దేముణ్ణి ఒగ్గేసినావని మేమూ ఒగ్గేయాలేటి?"

ఈ కొండ మీద మా ఆయన చెప్పిన ప్రసంగాలన్నిటికీ తిరిగి వచ్చిన ప్రసంగం అదొక్కటే. బయట సోంబారు దగ్గాడో, నవ్వాడో తెలియలేదు.

"ఉండు" అన్నాడు బుద్రు. "నువ్వెల్లిపోతే ఇంకొకడొస్తాడు. ఆడికి బయమంటే ఏటో తెలవడానికి మళ్లీ ఎన్నేళ్లో."

స్తంభం దగ్గర నుంచి సుక్రి లేచింది. "ఉంటే ఉండనీ. నాకొకటి కావాల. మా గుంట కాడికి రావాల."

అందరం వెళ్లాం. ఊరి చివర, వలిసె చేను గట్టున చిన్న రాళ్లగుట్ట. నేను సుక్రి భుజం పట్టుకుని నడిచాను. రాళ్ల దగ్గర ఆగి సుక్రి మా ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడేడవొచ్చునా అయ్యోరూ?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఆ మనిషి ఏడాదిపాటు అనుమతి కోసం ఆగింది. మా ఆయన తెల్లటి పంచెతో ఆ మట్టిలో చతికిలబడి, "ఎస్తేరూ" అన్నారు. అంతే, ఇంకో మాట రాలేదు. చిన్నపిల్లాడిలా భుజాలు కుదిపి కుదిపి ఏడ్చారు. నా పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు.

అప్పుడు సుక్రి రాగం అందుకుంది. గుంట పనసతొనలు దొంగిలించడం, మా కోడి తోక పట్టుకుని వాకిలంతా తిరగడం, నిద్రలో వాళ్ల నాన్న మీసం పట్టుకోవడం, ఒక్కొక్కటీ పేరుపేరునా చెప్పి ఏడ్చింది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. నేను కూడా ఏడ్చాను, నాకు చేతనైన సాలూరు ఏడుపు. అందరి గొంతులూ కలిసి కొండ అంతా వినబడి ఉంటుంది. పరలోకం మీద నాకున్న ఆశ ఆ ఏడుపులో ఒక్క చుక్క తగ్గలేదు. ఈ మాట మాత్రం మీరు నమ్మాలి.

ఇది రాస్తున్నది ఆదివారం సాయంత్రం. నా కాళ్లలో ఇంకా పూర్తి బలం లేదు, అయినా పొద్దున ఒక పాట ఆసాంతం నిలబడి పాడాను. సుక్రి స్తంభం దగ్గరే కూచుంది. పెదవులు కదుపుతోందా లేదా అని నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను, తెలియలేదు. పాట అయిపోయింది. ఆమెన్ అన్నాం. తలలు వంచబోయే ఆ నిశ్శబ్దంలో, ఏడాదిగా ఖాళీగా ఉన్న ఆ చోట, స్తంభం దగ్గర నుంచి టప్పున ఒక్క చప్పట్టు పడింది.

మా ఆయన ప్రార్థనకి తెరిచిన నోరు అలాగే ఉంచి ఆగిపోయారు. తరవాత ఆయనా ఒక్కటి కొట్టారు, కాస్త ఆలస్యంగా.